సైట్ విజిట్‌కి వెళ్లొచ్చాక ఆగని కాల్స్: మన డేటా అమ్మేవాళ్ల నుంచి బయటపడే దారి ఉందా?

మణికొండ_మురళి:
అందరికీ నమస్తే. మొన్న కొల్లూరు వైపు ఒక వెంచర్ చూడటానికి వెళ్లాం. పేరు ఎందుకులెండి. లోపలికి వెళ్లకముందే ఒక ట్యాబ్ చేతిలో పెట్టి పేరు, నంబర్, ఏ కంపెనీలో పని, ఎన్ని బెడ్‌రూములు కావాలి, బడ్జెట్ ఎంత అని అన్నీ నింపించుకున్నారు. ఇల్లు చేరేలోపే ఇంకో వెంచర్ నుంచి ఫోన్. ఆ తర్వాత హోమ్ లోన్ వాళ్లు, ఇంటీరియర్ వాళ్లు, ఆఖరికి వాస్తు చూస్తానని ఒకాయన. అందరికీ నా పేరు తెలుసు, బడ్జెట్ తెలుసు. మా ఆవిడకి కూడా చెప్పని అంకె అది.

జనం వివరాలు పోగేసి అమ్మే డేటా బ్రోకర్ల దగ్గర మన వివరాలు తీసేయించే సర్వీసులున్నాయని యూట్యూబ్‌లో తెగ యాడ్స్ వస్తున్నాయి. చందా కట్టాలట. ఎవరైనా వాడారా? మన దగ్గర పనిచేస్తాయా? లేక నంబరే మార్చేయాలా? బ్యాంకు, గ్యాస్, పిల్లల స్కూల్ అన్నీ ఈ నంబర్ మీదే ఉన్నాయి. మార్చాలంటే అదో టెన్షన్.

డల్లాస్_ప్రసాద్:
మురళి గారూ, ఆ సర్వీసులు ముఖ్యంగా ఇక్కడ అమెరికాలో ఉండేవాళ్ల కోసం. ఇక్కడ పీపుల్ సెర్చ్ సైట్లని ఉంటాయి. మనిషి పేరు కొడితే వయసు, ఇప్పుడుండే ఇల్లు, అంతకుముందు అద్దెకున్న ఇళ్లు, చుట్టాల పేర్లు, ఒక్కోసారి పాత రూమ్మేట్ పేరు కూడా వస్తుంది. చాలావరకు చట్టం ఒప్పుకున్న వ్యాపారమే. ఆస్తి రికార్డులు, కోర్టు రికార్డులు, షాపుల లాయల్టీ కార్డులు అన్నీ పోగేసి అమ్ముతారు. ఆ సైట్లలో 'నా వివరాలు తీసేయండి' అని అడిగే ఫారం ఎక్కడో అడుగున దాచి ఉంటుంది. ఆ ఫారాలు మన తరఫున నింపడమే ఈ సర్వీసుల పని. కొన్నాళ్లకి ఇంకో రికార్డులోంచి మళ్లీ పైకి తేలతాయి కాబట్టి చందా ఆగదు.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు కొంచెం నయం. 2023లో డిలీట్ యాక్ట్ వచ్చింది. 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వమే పోర్టల్ తెరిచింది, ఒక్కసారి అడిగితే అక్కడ రిజిస్టరైన బ్రోకర్లందరికీ వెళ్తుంది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి బ్రోకర్లు వాటిని అమలు చేయడం మొదలుపెట్టాలి. మా టెక్సాస్‌లో బ్రోకర్లు పేరు నమోదు చేసుకోవాలని చట్టం ఉంది గానీ, అలా ఒక్కసారి అడిగితే అందరికీ వెళ్లే పోర్టల్ లేదు.

అక్కడ మీ చేతిలో ట్యాబ్ పెట్టినవాడికి ఏ ఫారం పంపుతారు?

సిస్టమ్_శీను:
ప్రసాద్ గారు చెప్పిందే. చందా దండగ. మన దగ్గర అమ్మేవాడికి వెబ్‌సైట్ ఉండదు, ఎక్సెల్ షీట్ ఉంటుంది.

ఎంత పెద్ద షీట్లో మన సైబరాబాద్ పోలీసులే బయటపెట్టారు. 2023 మార్చిలో ఒక ముఠాని పట్టుకుంటే 16.8 కోట్ల మంది వివరాలు దొరికాయి. మరుసటి నెలలోనే ఫరీదాబాద్ నుంచి ఈ వ్యాపారం నడుపుతున్న ఇంకొకణ్ణి పట్టుకున్నారు. వాడి దగ్గర 66.9 కోట్ల మందివి, సంస్థలవి. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు, 104 కేటగిరీలు. కేటగిరీల పేర్లు చూస్తే వాళ్ల లెక్క తెలుస్తుంది: డీమ్యాట్ ఖాతాదారులు, నీట్ విద్యార్థులు, సీనియర్ సిటిజన్లు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు, బాగా డబ్బున్నవాళ్లు. మీరెవరన్నది వాడికి అనవసరం. మీకేం అమ్మొచ్చు, లేదా మిమ్మల్ని ఏం చెప్పి మోసం చేయొచ్చు, అదీ వాడికి కావాల్సింది.

కార్తీక్_99:
ఇంత రాద్ధాంతం ఎందుకు? కాల్ వస్తే కట్ చేస్తే పోలా. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లకి భయం దేనికి?

కేపీహెచ్‌బీ_కిట్టు:
కొంతకాలం ఈ లైన్‌లో టెలికాలింగ్ చేశాను కాబట్టి లోపల ఎట్లా ఉంటదో చెప్తా.

పొద్దున తొమ్మిదిన్నరకి టీమ్ లీడ్ వాట్సాప్‌లో షీట్ పడేస్తాడు. దాన్ని మేం 'డేటా' అనే అంటాం. ఇవాళ డేటా వచ్చిందా, ఈ డేటా మంచిగుంది, ఆ డేటా చచ్చిపోయింది, ఇట్లా. పేరు, నంబర్, ఏరియా, కంపెనీ, చివర్లో రిమార్క్స్ కాలమ్. ఆ రిమార్క్సే అసలు సరుకు. ఫోన్ ఎత్తకపోతే 'ఆర్ఎన్ఆర్' అని కొడతాం, వద్దంటే 'ఎన్ఐ', తర్వాత చేయమంటే 'సీబీ'. వచ్చి చూసి వెళ్తే 'ఎస్‌వీ డన్'. మురళి అన్నా, నువ్విప్పుడు ఎస్‌వీ డన్. సెలవు రోజు పెట్రోలు పోసుకుని కొల్లూరు దాకా వచ్చాడంటే ఆ మనిషి కొనేవాడే అని లెక్క. అందుకే నీ నంబర్ చేతులు మారింది.

'ఎన్ఐ' పడిన నంబర్‌ని కూడా పారేయరు. ఫ్లాట్ వద్దన్నవాడు లోన్ తీసుకోవచ్చు, లోన్ వద్దన్నవాడు పాలసీ కట్టొచ్చు. షీట్ ఆ ఆఫీసులకి పోతది. ఇంకోటి చెప్తా. ఈ లైన్‌లో ఇంటర్వ్యూకి పోతే 'ఓన్ డేటా ఉందా?' అని అడుగుతారు. అంటే పాత ఆఫీసు షీట్లు నీ దగ్గర ఉన్నాయా అని. ఉన్నాయంటే జీతం మాట్లాడే తీరే వేరు. కంపెనీ అమ్మకపోయినా, మానేసి పోయేవాడి జేబులో పెన్‌డ్రైవ్ ఉంటది. ఈ మాట ఏ ప్రైవసీ పాలసీలోనూ రాసి ఉండదు.

తిట్టినా లాభం లేదు. తిట్టారంటే నంబర్ నడుస్తోందని తేలిపోయినట్టే, షీట్ ఇంకా గట్టిపడతది. 'నా నంబర్ ఎక్కడ దొరికింది' అని అడిగితే చెప్పమని నేర్పించే జవాబు ఒక్కటే: 'సర్, మీరే ఆన్‌లైన్‌లో ఎంక్వైరీ చేశారు.' అవతల మాట్లాడే పిల్లకి నిజంగానే తెలీదు. దయచేసి బూతులు మాత్రం తిట్టకండి, వాళ్లకి జీతం కూడా అంతంత మాత్రమే.

మణికొండ_మురళి:
కిట్టు బ్రో, దండం. మరి షీట్‌లోంచి పేరు తీయించుకోవడం అంటూ ఉండదా?

కేపీహెచ్‌బీ_కిట్టు:
ఉండదన్నా. ఎన్ని కాపీలున్నాయో అమ్మినవాడికే తెలీదు. షీట్ పాతబడాలి, అంతే. కొత్త షీట్‌లోకి ఎక్కకుండా చూసుకో.

లత_ఉప్పల్:
సైట్ విజిట్ సంగతి సరే. మా కారు ఇన్సూరెన్స్ ముగియడానికి ముందు నుంచే కాల్స్ మొదలవుతాయి. బండి నంబరు, మోడలు, గడువు తేదీతో సహా చెబుతారు. అవి మేం ఏ ట్యాబ్‌లోనూ నింపలేదే?

నాంపల్లి_ప్లీడర్:
లత గారూ, ఎవరి దగ్గర నుంచి పోయిందో మీ ఒక్కరి విషయంలో తేల్చడం కష్టం. కానీ ఒక సంగతి పార్లమెంటు సాక్షిగా ఉంది. కేంద్ర రవాణా శాఖే 2019 మార్చిలో వాహనాల రిజిస్ట్రేషన్, లైసెన్సుల డేటాని గంపగుత్తగా అమ్మే పాలసీ పెట్టింది. ఆ జులైలో మంత్రి సభకి చెప్పిన లెక్క ప్రకారం 87 ప్రైవేటు సంస్థలకి, 32 ప్రభుత్వ సంస్థలకి ఆ డేటా అందుబాటులో ఉంది, దాని మీద వచ్చిన రాబడి ₹65 కోట్లు. ప్రైవసీకి ముప్పని గోల అయ్యాక 2020 జూన్‌లో పాలసీ ఎత్తేశారు. పాలసీకి రద్దు ఉంటుంది గానీ, అమ్ముడైన ఫైలుకి రద్దు ఎక్కడిది?

చట్టం గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ తర్వాత ఆరేళ్లకి, 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. రూల్స్ రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అందులోనూ కంపెనీల మెడకి చుట్టుకునే అసలు నిబంధనలకి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. అనుమతి లేకుండా వాడకూడదు, తీసేయమంటే తీసేయాలి, లీకైతే చెప్పాలి. ఈ హక్కులన్నీ బాగానే రాశారు. డేటాని సరిగా కాపాడకపోతే జరిమానా ₹250 కోట్ల దాకా.

కానీ ఆ జరిమానా సర్కారు ఖాతాలోకి వెళ్తుంది. నష్టపోయినవాడికి పరిహారం అన్న మాట ఈ చట్టంలో లేదు. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మనకి ₹10,000 దాకా పడుతుంది. ప్రభుత్వ సంస్థల్ని కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో చట్టం నుంచి తప్పించవచ్చు. మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న వివరాలకి ఈ చట్టం వర్తించదు. అంటే ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా పెట్టిన పుట్టినరోజు, పెళ్లిరోజు తోడుకుంటే ఈ చట్టంతో అడ్డుకోలేం. నా మటుకు నాకు ఈ చట్టం మీద పెద్ద ఆశలు లేవు, అలాగని పనికిరాదనీ అనను. కిట్టు గారు చెప్పిన ఆఫీసుల్లో భయమంటూ మొదలైతే దీనివల్లే మొదలవ్వాలి.

కార్తీక్_99:
నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నా నంబరో ఆధారో తెలిస్తే ఎవడేం చేయగలడు? అంత భయమైతే శీను గారు తన నంబర్ ఇక్కడ పెట్టమనండి చూద్దాం. నాకు తెలిసినవాడి నంబర్ నేను పెడతా, ఏమవుతుందో మీరే చెప్పండి.

మోడరేటర్:
కార్తీక్ గారి పోస్టులో చివర ఇంకొకరి ఫోన్ నంబర్ ఉంది. తీసేశాం. ఈ చర్చలో మీదైనా సరే, ఇంకొకరిదైనా సరే, నంబర్లు పెట్టకండి.

పాతబస్తీ_యూసుఫ్:
కార్తీక్ భాయ్, ఏం చేయగలరో రెండు సంగతులు చెప్తాను, రెండూ మన రాష్ట్రంలో జరిగినవే.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌లు అమ్మే ఒకడు దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి జనం ఆస్తి దస్తావేజులు డౌన్‌లోడ్ చేశాడు. వాటి మీద వేలిముద్రలుంటాయి, ఆధార్ నంబర్లూ ఉంటాయి. ఆ ముద్రలతో రబ్బరు స్టాంపులు చేయించి, మెషీన్ మీద పెట్టి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకంటే వాడికి టార్గెట్ పూర్తవ్వాలి, అంతే. దస్తావేజు ఉన్న రైతు దాచుకున్నదేమీ లేదు, పొలం కొనుక్కున్నాడు. ఇలాంటి ముద్రలతోనే బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగే ముఠాలు కూడా తర్వాత బయటపడ్డాయి.

రెండోది సమగ్ర వేదిక. రేషన్, పింఛను, వాహనాలు, కరెంటు, ఆస్తిపన్ను ఇలా రకరకాల శాఖల డేటాని పేర్లు, చిరునామాలు పోల్చి ఒక్కచోట కలిపే సిస్టమ్. ఇక్కడే ఒక రిక్షా కార్మికుడి పేరు, కారున్న ఇంకొకాయన పేరు దగ్గర దగ్గరగా ఉన్నాయని కంప్యూటర్ ఇద్దర్నీ ఒకటి చేసింది. కారున్న కుటుంబమని ఆ ఇంటికి రేషన్ అందకుండా పోయింది. ఇలా కంప్యూటర్ లెక్కల మీద రద్దు చేసిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నీకు కాల్స్ చికాకు. ఆ ఇంట్లో బియ్యం ఆగిపోయాయి.

కార్తీక్_99:
వేలిముద్రల సంగతి వేరు, ఒప్పుకుంటా. కానీ నిఘా అంతా చెడ్డదంటే ఒప్పుకోను. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల రోజు మా బాబాయి ఆ బస్టాప్ దాటి వెళ్లాడు. కెమెరాలు ఉండాల్సిందే.

పాతబస్తీ_యూసుఫ్:
కెమెరా వద్దని నేనూ అనను భాయ్. దాని వెనక ఉన్న రూలేదని అడుగుతున్నా. మన ఊరి సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు 2021 మేలో, లాక్‌డౌన్ టైమ్‌లో, మా వైపే బండి మీద వెళ్తుంటే పోలీసులు ఆపి మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని నోటీసు ఇచ్చారు. జవాబు లేక హైకోర్టుకి వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు రాష్ట్రానికి నోటీసులిచ్చింది. అదే 2021 చివర్లో గంజాయి తనిఖీ పేరుతో రోడ్డు మీద కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో వెతికిన వీడియోలు ఊరంతా చూసింది.

దాచేవాళ్ల దగ్గరైనా భద్రంగా ఉంటుందా అంటే, 2024 జూన్‌లో పోలీసుల హాక్ ఐ యాప్ డేటానే హ్యాకర్ చేతికి పోయింది. గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ల కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. ఆపదలో ఉన్నామని ఆ యాప్‌లో ఫిర్యాదు పెట్టిన ఆడవాళ్ల వివరాల గురించి ఆలోచించు.

కార్తీక్_99:
సరే, రూల్స్ ఉండాలి. అయినా కెమెరాల విషయంలో నేను పోలీసుల వైపే.

లత_ఉప్పల్:
పోలీసుల దాకా ఎందుకు, మా వీధి జిరాక్స్ షాపు చాలు. ఒకసారి నా వంతు కోసం నిలబడి ఆ కంప్యూటర్ వైపు చూశాను. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా జనం పంపిన ఆధార్‌లు, పాన్ కార్డులు, పదో తరగతి మెమోలు, ఎవరిదో పెళ్లి ఫొటో, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు. ముందున్న పెద్దాయన ఈ-ఆధార్ పంపితే పాస్‌వర్డ్ అడిగింది. ఆయన తడుముకుంటుంటే షాపు అబ్బాయే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కొట్టి తెరిచేశాడు. అందరి పాస్‌వర్డూ అదే పద్ధతి కదా. ఆ అబ్బాయి దొంగ అని నేననను, పాపం మంచివాడే. కానీ ఆ కంప్యూటర్ రిపేరుకి వెళ్తే? షాపు అమ్మేస్తే?

సిస్టమ్_శీను:
లత గారు అసలు చోటు పట్టుకున్నారు. మనం ఎక్కడో విదేశీ కంపెనీ గురించి భయపడుతుంటాం, ఆధార్ మాత్రం సందు చివర కంప్యూటర్‌లో ఉంటుంది.

ఆధార్ సైట్‌లోకి లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ అని టిక్ ఉంటుంది. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. హోటల్, అద్దె ఇల్లు, కొరియర్, ఇలాంటి చోట్ల అది చాలు. 2022 మేలో ఆధార్ సంస్థ ప్రాంతీయ ఆఫీసే 'కాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, మాస్క్‌డ్ ఇవ్వండి' అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడుతున్నారని రెండు రోజుల్లో పైవాళ్లు వెనక్కి తీసుకున్నారు. సలహా మాత్రం మంచిదే. కాపీ మీద అడ్డంగా ఏ పని కోసం ఇస్తున్నారో, తేదీతో సహా రాసి సంతకం పెట్టండి. ప్రింట్ అయ్యాక ఫైల్ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. మొహమాటపడకండి. అదే సైట్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ ఉంటుంది, మీ ఆధార్‌ని ఎవరు ఎప్పుడు సరిచూశారో కనిపిస్తుంది. యూసుఫ్ భాయ్ చెప్పిన రబ్బరు ముద్రలకి మందు బయోమెట్రిక్ లాక్, అంటే మీ ఆధార్ వేలిముద్ర ఎక్కడా చెల్లకుండా మీరే తాళం వేసుకోవడం.

నంబర్ విషయం. మురళి గారూ, పాత నంబర్ మార్చకండి. దాన్ని బ్యాంకుకీ, ఆధార్‌కీ, ఇంట్లోవాళ్లకీ మాత్రమే మిగల్చండి. చవక రీఛార్జ్‌తో ఇంకో సిమ్ తీసుకుని వెంచర్లు, షాపులు, డెలివరీలు, ఓఎల్ఎక్స్ లాంటివన్నీ దాని మీద పడేయండి. సూపర్ మార్కెట్ బిల్లు దగ్గర నంబర్ అడిగితే ఇవ్వనవసరం లేదు. నంబర్ ఇస్తేనే బిల్లు అనకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖే దుకాణాలకి చెప్పింది. నేను 'లేదండీ' అంటాను. చాలా చోట్ల కౌంటర్‌లో ఉన్నవాళ్లే తమ సొంత నంబరో, పది సున్నాలో కొట్టేసి బిల్లిస్తారు.

ఈమెయిల్‌కి ఒక చిట్కా. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు తగిలించి ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది. రేపు సంబంధం లేని వాడెవడో ఆ చిరునామాకి మెయిల్ పంపితే ఎవరు అమ్మారో దొరికిపోతారు. ఫోన్ నంబర్‌కి ఈ సౌకర్యం లేకపోవడమే మన ఖర్మ.

ఫోన్ లోపల సంగతి కూడా. టార్చ్ యాప్‌కి లొకేషన్ దేనికి? వాల్‌పేపర్ యాప్‌కి కాంటాక్ట్స్ దేనికి? ఆండ్రాయిడ్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒకటి ఉంటుంది. రకరకాల యాప్‌లలో మీరు చేసేదంతా ఒకే మనిషి ఖాతాలో కలపడానికి ప్రకటనల వాళ్లు వాడే గుర్తు అది. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్లి దాన్ని డిలీట్ చేయొచ్చు. ఐఫోన్ అయితే యాప్ అడిగినప్పుడు ట్రాక్ చేయొద్దని నొక్కడమే. ఇక లోన్ యాప్‌లు. 2020లో మన ఊళ్లోనే కాంటాక్ట్స్‌లో ఉన్న చుట్టాలకి, ఆఫీసువాళ్లకి ఫోన్లు చేసి పరువు తీస్తే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు ముట్టుకోకూడదని రూల్ పెట్టింది. ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే అది రూలు తప్పుతోందనే అర్థం.

లత_ఉప్పల్:
శీను గారూ, రెండో సిమ్ బాగానే ఉంది. యూపీఐ సంగతేంటి? మా కాలనీలో ఒక అమ్మాయి కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి డబ్బులు పంపింది. రాత్రికి 'హాయ్' అని వాట్సాప్. ఆమె యూపీఐ ఐడీలోనే ఫోన్ నంబర్ ఉంది మరి.

సిస్టమ్_శీను:
మంచి పాయింట్ మేడం. చాలామందికి డీఫాల్ట్‌గా వచ్చే ఐడీ నంబరుతోనే ఉంటుంది. యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి నంబర్ లేని కొత్త ఐడీ పెట్టుకుని, చెల్లింపులకి దాన్నే ఎంచుకోవచ్చు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇది ఇవాళే చేయాల్సిన పని. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో కూడా కాంటాక్ట్స్‌కి మాత్రమే కనబడేలా పెట్టండి.

వనస్థలిపురం_మాస్టారు:
నేను మా అపార్ట్‌మెంట్ సంఘం చూస్తుంటాను. గేటు దగ్గర విజిటర్ల పుస్తకం ఉంది. వచ్చిన ప్రతివాడూ పేరు, నంబర్, ఏ ఫ్లాటుకో రాస్తాడు. ఈ చర్చ చదివాక కిందికి వెళ్లి చూశాను. డెలివరీ కుర్రాడు తన వివరాలు రాస్తూ పై పేజీ అంతా తీరిగ్గా చదువుకుంటున్నాడు. పాత పుస్తకాలు ఏం చేస్తున్నావని వాచ్‌మన్‌ని అడిగితే పాత పేపర్లవాడికి వేశానన్నాడు! కెమెరాలు తప్పవు, వందమంది చేరే చోట్ల పెట్టాలని, 30 రోజుల ఫుటేజీ ఉంచాలని 2013 చట్టం ఉందని ఆ మధ్య ఎవరో చెప్పారు. పుస్తకం కూడా తప్పనిసరా?

నాంపల్లి_ప్లీడర్:
మాస్టారూ, మీరన్న చట్టం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం. అది కెమెరాల గురించి. విజిటర్ ఫోన్ నంబరు పుస్తకంలో ఎక్కించాలని అందులో లేదు. పేరు, ఫ్లాట్ నంబర్, టైమ్ రాసుకోండి, నంబర్ కాలమ్ కొట్టేయండి. వాచ్‌మన్ ఇంటర్‌కామ్‌లో అడిగి పంపితే చాలదూ? పాత పుస్తకాలు చింపి పడేయించండి.

వనస్థలిపురం_మాస్టారు:
కమిటీలో ఒకాయన ఆ కాలమ్ ఉండాల్సిందేనంటాడు. ఆయనకి రియల్ ఎస్టేట్ ఆఫీసు ఉందని ఇప్పుడే గుర్తొచ్చింది.

కేపీహెచ్‌బీ_కిట్టు:
మాస్టారూ, ఆ కాలమ్ ఇవాళే కొట్టేయండి.

మణికొండ_మురళి:
అందరికీ థాంక్స్. సిమ్ తీసుకున్నా. ఇప్పుడు వస్తున్న కాల్స్ మీద ఏమైనా చేయొచ్చా? ప్రకటనల కాల్స్ వద్దని చెప్పే డీఎన్‌డీ ఎప్పుడో పెట్టా, ఏం ఉపయోగం కనబడలేదు.

సిస్టమ్_శీను:
డీఎన్‌డీ రిజిస్టరైన కంపెనీల్ని ఆపుతుంది. మీకు వస్తున్నవి మామూలు పది అంకెల నంబర్ల నుంచి. అలా అమ్మకాల కాల్స్ చేయడమే నిషేధం. ప్రకటనల కాల్స్ 140తో, బ్యాంకుల సర్వీస్ కాల్స్ 1600తో మొదలవ్వాలి. టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో రూల్స్ మార్చింది. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనో, 1909కో ఫిర్యాదు ఇవ్వొచ్చు, మీరు డీఎన్‌డీలో లేకపోయినా సరే. పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే చాలు, ఆ నంబర్ మీద చర్య తీసుకోవాలి. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్లీ చేస్తే ఏడాది పాటు కనెక్షన్లన్నీ కట్. కిట్టు చెప్పినట్టు తిట్టే బదులు మాట్లాడకుండా పెట్టేసి ఫిర్యాదు కొట్టండి.

పనిలో పనిగా సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి, మీది కానిది కనబడితే అక్కడే చెప్పొచ్చు. సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న రూల్. మీకు తెలియని లోన్ అందులో ఉంటే ముందే తెలుస్తుంది. డబ్బు పోతే మాత్రం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

లత_ఉప్పల్:
ఒక్క డౌట్. మా అత్తగారికి బయోమెట్రిక్ లాక్ పెట్టేశాను. మొన్న రేషన్ షాపులో వేలిముద్ర పడలేదు. మెషీన్ పాడైందనుకుని తిరిగొచ్చారు. లాక్ వల్లేనా?

సిస్టమ్_శీను:
లాక్ వల్లే అయ్యుంటుంది మేడం. లాక్ ఉంటే రేషన్, వేలిముద్ర మీద ఇచ్చే పింఛను, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఎక్కడా ముద్ర తీసుకోదు. షాపుకి వెళ్లాక ఫోన్‌లో ఆధార్ యాప్ తెరిచి తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే పని జరుగుతుంది, కాసేపటికి తనే మళ్లీ లాక్ అయిపోతుంది. ఆవిడ ఆధార్‌కి లింకైన ఫోన్ మీ దగ్గర ఉంటే, ఆవిడ షాపులో ఉన్నప్పుడు మీరు ఇంటి నుంచే చేయొచ్చు.

లత_ఉప్పల్:
లింకైన నంబర్ మా మరిదిది. ఆయన బెంగళూరులో ఉంటారు.

సిస్టమ్_శీను:
అయితే ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి మీ నంబర్ పెట్టించండి. అది అయ్యేదాకా మరిదిగారికి ఫోన్ చేసి లాక్ తీసేయించండి, ఈ నెల బియ్యం పోకూడదు కదా.